అంచున వ్రాసిన పంక్తి

ఆదివారమునాడు ఏ తెలుగు క్రైస్తవాలయపు వాకిట నిలిచి ఆలకించినను, ఆరాధన ముగియులోపల ఆమేన్, హల్లెలూయ, హోసన్న అను మాటలు పలుమారులు చెవినిబడును. మార్కు సువార్త చదువబడు దినమైనచో, పండ్రెండేండ్ల బాలికను యేసు చేయిపట్టి లేపుచు పలికిన తలీతాకుమీ అను మాటయు, చెవిటివాని చెవులు తెరచుచు పలికిన ఎఫ్ఫతా అను మాటయు, గెత్సేమనే తోటలో తండ్రిని పిలిచిన అబ్బా అను మాటయు వినవచ్చును. ఇవి తెలుగు మాటలు కావు. సువార్తలు గ్రీకున వ్రాయబడినను గ్రీకు మాటలును కావు. గలిలయ పల్లెలలో బెస్తలును, వడ్రంగులును, ద్రాక్షతోటల కూలీలును మాటలాడుకొనిన అరామిక్ భాషకును, దాని తోబుట్టువైన హెబ్రీకిని చెందినవి. గ్రీకున వ్రాసినవారు వీనిని మార్చక విడిచిరి. తెలుగున వ్రాసినవారును విడిచిరి. పొరుగూరినుండి వచ్చి యింట చుట్టమై యుండిపోయిన మనిషిని ఏండ్లు గడచిన పిమ్మట మీదేయూరని యెవ్వరు నడుగనట్లే, ఈ మాటలను గూడ మీ యిల్లెక్కడ అని మనమెవ్వరమును అడుగుట లేదు.

ఆ ప్రశ్న నడుగుటకే తన విద్యాజీవితమంతయు వెచ్చించిన పండితుడు గేజా వెర్మెష్. ఆయన పుట్టుకచే యూదుడు, బాల్యమున పొందిన బాప్తిస్మముచే కథోలికుడు, యౌవనమున అభిషిక్తుడైన గురువు, నడివయస్సున మరల యూదుడు. దేశముచే హంగేరీయుడు, చదువుచే బెల్జియము ఫ్రాన్సులకు ఋణపడినవాడు, వృత్తిచే ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు. క్రైస్తవము యూదమతమునుండి యింకను వేరుపడని కాలము, ఒకే యింట పుట్టిన యిద్దరు బిడ్డలు ఒకే భాషలో వాదులాడుకొనిన కాలము, ఆయన కృషిక్షేత్రము. యేసును తన యూరికి, తన జనమునకు, తన యాసకు మరల చేర్చుటయే ఆయన పూనిన పని. ఇల్లు పోగొట్టుకొనిన వాడొకడు మరియొకని యింటి త్రోవను అంత ఓర్పుతో వెదకుట విద్యాచరిత్రలో తరచుగ కనబడు దృశ్యము కాదు.

1924 జూన్ 22వ తేదీన హంగేరీ దేశపు ఆగ్నేయమున మకో అను పట్టణమున ఆయన జన్మించెను. ఉల్లిపంటకు పేరుమోసిన యూరది; పత్రికారచయితలు నేటికిని ఎవని పేరిట బహుమానము నందుచున్నారో ఆ జోసెఫ్ పులిట్జర్ పుట్టినదియు నచ్చటనే. తండ్రి పత్రికారచయిత, తల్లి ఉపాధ్యాయిని. బాలునికి ఏడేండ్ల ప్రాయమున తల్లియు తండ్రియు తానును కథోలిక మతమున బాప్తిస్మము పొందిరి. ఆ జలము వారిని కాపాడలేదు. 1939, 1941 సంవత్సరములలో హంగేరీ ప్రభుత్వము చేసిన యూదవ్యతిరేక శాసనములు మనుష్యుడు ఏ దేవాలయమునకు పోవుచున్నాడని కాక, ఎవరి కడుపున పుట్టినాడని లెక్కించెను. 1942లో యువకుడు గురువిద్యాలయమున చేరెను. 1944 మార్చిలో జర్మను సేనలు దేశమును ఆక్రమించినవి. ఆ వేసవిలో కొలది వారములలోనే నాలుగు లక్షలకు పైబడిన హంగేరీ యూదులు రైలుపెట్టెలలో క్రిక్కిరియబడి మరణశిబిరములకు పంపబడిరి. వెర్మెష్ తలిదండ్రులును ఆ మహాసంహారమున సమసిపోయిరి. కుమారుడు మాత్రము, క్రైస్తవ గురువులు దాచి కాపాడుటచే, సోవియట్ సేన బుడాపెస్టు చేరువరకును బ్రతికి యుండెను. తన తలిదండ్రులను చంపిన ద్వేషమునకు శతాబ్దముల తరబడి తన బోధలో చోటిచ్చిన మతమును, తన ప్రాణమును నిలిపిన మతమును ఒక్కటే యను సత్యమును ఇరువదేండ్ల యువకుడు గుండెలో మోయవలసివచ్చెను.

యుద్ధానంతరము 1946లో ఆయన బెల్జియములోని లూవేను నగరము చేరి, సియోను మాత గురువుల సంఘమున చేరెను. పందొమ్మిదవ శతాబ్దమున స్ట్రాస్‌బూర్గు యూదకుటుంబమునుండి కథోలికమునకు వచ్చిన రాతిస్బోన్ సోదరులు స్థాపించిన సంఘమిది. లూవేను కథోలిక విశ్వవిద్యాలయమున ఆయన ప్రాచ్యదేశముల చరిత్రను, భాషలను, వేదాంతమును అభ్యసించెను. 1948లో, ఇంకను విద్యార్థిగా నుండగనే, యెషయా గ్రంథపు 40వ అధ్యాయముగల పత్రపు ఛాయాచిత్రమొకటి ఆయన కంటబడెను. మృతసముద్రపు వాయవ్యతీరమున, కుమ్రాను శిథిలములకు చేరువనున్న కొండగుహలో, గొఱ్ఱెలకాపరులకు మట్టికాగులయందు దొరికిన తోలుచుట్టలలో నొకదాని నీడ యది.

ఆ తోలుచుట్టను గూర్చి యిచ్చట కొంత నిలిచి చెప్పవలెను. పదునేడు తోలుముక్కలను దారముతో కుట్టి చేసిన యేడు మీటర్లకు పైబడిన చుట్ట యది. యేబది నాలుగు నిలువు పట్టీలలో యెషయా గ్రంథమంతయు అందున్నది. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దపు చివరకో, కొంచెమిటునటుగనో వ్రాయబడినది. అంతకుముందు పండితులకు తెలిసిన సంపూర్ణమైన హెబ్రీ ప్రతులలో మిక్కిలి ప్రాచీనమైనవి క్రీస్తుశకము పదవ పదునొకండవ శతాబ్దములవి. కావున ఈ యొక్క చుట్ట ఒక్క దూకున వేయేండ్లు వెనుకకు గొనిపోయినది. 40వ అధ్యాయమున్న పట్టీలో చూడదగిన వింత యొకటి కలదు. గడ్డి యెండుటయు పువ్వు వాడుటయు చెప్పు మాటలు ఆ చోట రెండుమారులు వచ్చును. వ్రాయసకాని కన్ను మొదటిదానినుండి రెండవదానిపైకి దుమికినది. నడుమనున్న వాక్యము జారిపోయినది. పిమ్మట మరియొక చేయి ఆ లోపమును కనుగొని, పోయిన మాటలను పంక్తుల సందున ఇరికించి, చోటు చాలక, అంచున నిలువుగా క్రిందికి దింపినది. దైవనామము రావలసిన చోట అక్షరములు వ్రాయుటకు భయపడి నాలుగు చుక్కలు పెట్టినది. మన తాళపత్రపు ప్రతులను విప్పి చూచినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. పాదము జారినచోట హంసపాదముంచి, విడిచినదానిని అంచున నెక్కించు అలవాటు మన లేఖకులకును కలదు. రెండువేల యేండ్ల క్రిందటి ఆ రెండవ చేతివ్రాతను నేను అచ్చుప్రతిలో చూచిన ప్రతిమారును, వెర్మెష్ జీవితకృత్యమునకు దానికి మించిన ముఖచిత్రము వేరొకటి దొరకదని తోచుచుండును. క్రైస్తవ జగత్తు తన మూలగ్రంథమును చదువుచు చదువుచు ఒక పంక్తిని జారవిడిచెను. యేసు యూదుడు అనునది ఆ పంక్తి. దానిని అంచున మరల ఎక్కించిన చేతులలో ముఖ్యమైనది వెర్మెష్ చేయి.

ఆ ఛాయాచిత్రము ఆయన దారిని నిర్ణయించెను. 1953లో కుమ్రాను ప్రతుల చారిత్రకనేపథ్యముపై సిద్ధాంతగ్రంథము సమర్పించి ఆయన వేదాంతమున డాక్టరు పట్టము పొందెను. ఆ విషయమున వెలువడిన మొట్టమొదటి సిద్ధాంతగ్రంథములలో నది యొకటి. హబక్కూకు ప్రవచనమునకు కుమ్రాను భక్తసంఘమువారు వ్రాసికొనిన వ్యాఖ్యానమున నీతిబోధకుడనియు, దుష్టయాజకుడనియు ఇరువురు వ్యక్తులు మాటిమాటికి తగులుదురు. పేర్లు మాత్రము లేవు. మొదట మంచిపేరు గడించి, పిదప అధికారముచే చెడి, శత్రువుల చేత చిక్కి చచ్చినవాడు ఆ దుష్టయాజకుడు. ఈ గుర్తులను ఆ కాలపు చరిత్రతో ఒరసి చూచి, క్రీస్తుకు పూర్వము 152లో సిరియా రాజ్యమునకై పోరాడుచున్న అలెగ్జాండరు బాలాసు చేతినుండి ప్రధానయాజకపదవి నందుకొనిన యోనాతాను మక్కబీయుడే వాడని యువ వెర్మెష్ వాదించెను. ఆ వాదము దశాబ్దములపాటు ఎక్కువమంది పండితులు నిలబడిన నేలయయ్యెను.

పారిస్ నగరమున ఆయన గడిపిన సంవత్సరములు వేరొక తీరున ఫలించినవి. పాల్ దెమాన్, రెనే బ్లోక్ అను మరి యిరువురితో కలిసి, సియోను సంఘమువారి పత్రికయందు, కథోలిక బాలబాలికలకు నేర్పు పాఠములలో యూదులను గూర్చి ఏమి చెప్పబడుచున్నదో పరిశీలించుచు వ్రాసెను. ఆ ముగ్గురును పుట్టుకచే యూదులు, మతముచే కథోలికులు. క్రీస్తును చంపినవారు, దేవునిచే త్రోసివేయబడినవారు, మొండివారు అను మాటలు పసిమనస్సులలో చల్లబడు విత్తనములని వారికి పుస్తకమువలన గాక తమ యింటి బూడిదవలన తెలిసియుండెను. గుడ్ ఫ్రైడే ప్రార్థనలో యూదులకు విశ్వాసఘాతకులను విశేషణమున్న కాలమది; 1959లో 23వ జాన్ పోపు దానిని తొలగించెను, 1965లో రెండవ వాటికన్ మహాసభ యూదజాతిపై సామూహికాపరాధమును మోపరాదని ప్రకటించెను. ఈ మార్పులకు నేలదున్నినవారిలో ఆ చిన్న పత్రికవారును కలరు. యూదుల వేదవ్యాఖ్యానసంప్రదాయమును చారిత్రకక్రమమున చదువవలెనని మార్గము చూపిన రెనే బ్లోక్ 1955 జూలైలో, బల్గేరియా మీదుగా పోవుచు ఆ దేశపు యుద్ధవిమానములు కూల్చిన విమానమునందు ప్రయాణించుచు మరణించెను. ఆమె విడిచిన పనిని వెర్మెష్ ఎత్తుకొనెను.

ఇంతలో ఆయన స్వజీవితమున పెద్ద మలుపు వచ్చెను. యూద తత్త్వవేత్త మార్టిన్ బూబర్ చింతనమున లీనమైన ఆంగ్లవనిత, కవయిత్రి పమేలాతో పరిచయము ప్రేమగా పరిణమించెను. 1957లో ఆయన గురుత్వమును, కథోలికమును విడిచి ఇంగ్లండు చేరెను. 1958లో వారికి వివాహమయ్యెను. తన్ను బ్రతికించిన గూటిని విడుచుట కృతఘ్నత యని యనుకొనినవారు ఉండకపోరు. కాని, విశ్వాసము లోన ఆరిపోయిన పిమ్మట పైవేషమును నిలుపుకొని సుఖముగా నుండుటకంటె, ముప్పది మూడేండ్ల వయస్సున క్రొత్త దేశమున, క్రొత్త భాషలో, ఆస్తిపాస్తులు లేక మొదటినుండి మొదలుపెట్టుట ఎక్కువ నిజాయితీగల పని యని నా నమ్మకము. పమేలా ఆయనకు భార్య మాత్రమే గాక భాషకు కాపరియు నయ్యెను. ఆయన ఆంగ్లరచనలు ఆమె చేతిలో మెఱుగుదీరి వెలువడుచుండెను.

1957 నుండి 1965 వరకు న్యూకాసిల్‌లో బోధించిన యెనిమిదేండ్లును పేరుకు చిన్న కొలువు, పంటకు పెద్ద మడి. 1961లో యూదమతమున వేదమును సంప్రదాయమును గూర్చిన గ్రంథము వెలువడెను. మూలకథను యథాతథముగ నుంచక, సందులు పూడ్చుచు, సందేహములు తీర్చుచు, తమ కాలమునకు తగినట్లు తిరిగిచెప్పిన యూదరచనలకు పునర్లిఖిత బైబిలు అను అర్థము వచ్చు పేరు నందు ఆయన పెట్టెను. అది నేడు ఆ విద్యలో అందరి నోటను నానుచున్న పారిభాషికపదము. వ్యాసభారతము నన్నయతిక్కనల చేత తెలుగుభారతమైన తీరు నెఱిగిన మనకు, మూలమును తిరిగిచెప్పుటయే వ్యాఖ్యానించుట యను సూక్ష్మము బోధపడుటకు కష్టమేమియు లేదు. 1962లో పెంగ్విన్ వారు ఆయన చేసిన కుమ్రాను ప్రతుల ఆంగ్లానువాదమును జేబుపుస్తకముగ ముద్రించిరి. పండితుల బీరువాలలో తప్ప దొరకని పదార్థము రైలుస్టేషను పుస్తకపుటంగడికి దిగివచ్చెను. ఆ చిన్న పుస్తకము క్రొత్త ప్రతులు వెలువడినకొలది పెరిగి పెరిగి, 1997 నాటికి సంపూర్ణానువాదమయ్యెను. ముప్పదియైదేండ్లు ఒక్క పుస్తకమును సవరించుచు గూర్చుండిన ఓర్పు అది.

1965లో సెసిల్ రోత్ అనంతరము యూదవిద్యలలో రీడరుగా ఆక్స్‌ఫర్డు ఆయనను పిలిచెను. ఆ తరువాత జీవితమంతయు అచ్చటనే. ఐజయా బెర్లిన్ అధ్యక్షతన రూపొందిన వుల్ఫ్‌సన్ కళాశాలలో తొలి సభ్యులలో నొకడై, 1971 నుండి మరణపర్యంతము యూదవిద్యల పత్రికకు సంపాదకుడై, 1985లో బ్రిటిష్ అకాడమీ సభ్యుడై, 1989లో ఆచార్యపదవి నంది, 1991లో విరమించెను.

ఆయన పేరు చెప్పగనే లోకము 1973లో వెలువడిన యూదుడైన యేసు అను అర్థముగల గ్రంథమును తలచును. నా మట్టుకు ఆయన చేసిన పనులన్నింటిలో మిన్న యైనది, సామాన్యపాఠకుడు చేతబట్టని మరియొకటి. జర్మను ప్రొటెస్టెంటు పండితుడు ఎమిల్ ష్యూరర్ పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున రచించిన యూదజనచరిత్ర, తరతరముల వేదాంతవిద్యార్థులకు కంచుకాగడా వంటి ఆకరగ్రంథము. ఏ నాణెము ఎవడు వేసెను, ఏ దేవాలయద్వారము ఎచ్చట నుండెను, ఏ రాజు ఏ యేట చచ్చెను, అన్నియు అందు కలవు. కాని ధర్మశాస్త్రము క్రింది జీవితమును వర్ణించు అధ్యాయమున ఆ మహాపండితుని దృష్టి మసకబారినది. యూదుని భక్తి అంతయు ఎండుకట్టెవంటి ఆచారభారమని, ప్రాణములేని లెక్కాచారమని అందు చిత్రింపబడెను. గ్రంథమున తక్కిన దంతయు ప్రమాణమగుటచే ఈ చిత్రమును ప్రమాణముగనే చెల్లెను; ఆధారసూచికల నడుమ దాగిన దురభిప్రాయముకంటె దీర్ఘాయువుగల దురభిప్రాయము లేదు. వెర్మెష్, రోమను చరిత్రకారుడు ఫెర్గస్ మిల్లర్, మాథ్యూ బ్లాక్, పిమ్మట మార్టిన్ గుడ్మన్ కలిసి ఆ గ్రంథమును పంక్తి పంక్తి తిరుగవ్రాసిరి. మొదటి సంపుటము 1973లో, చివరిది 1987లో వెలువడెను. పాతపేరు నుంచి, పాతపునాది నుంచి, క్రొత్తగ దొరికిన శాసనములును కుమ్రాను ప్రతులును చేర్చి, ఆ యొక్క అధ్యాయమున పేరుకొనిన పగను కడిగివేసిరి. పమేలా భాషాసంస్కరణము చేసెను. ఆ శ్రమయందు ఎవరికిని పేరు రాదు. అయినను అటుపిమ్మట మొదటి శతాబ్దపు యూదుని గూర్చి చదువదలచిన విద్యార్థికి చేతికందు మొదటి పుస్తకము మారిపోయినది. మొదటి పుస్తకము మారిన చోట మిగిలినవెన్నో మారును. తెలుగున గూడ పరిసయ్యుడు అను మాట చాలకాలముగ వేషధారికి మారుపేరుగ వాడబడుచున్నది. ధర్మశాస్త్రమును పేదయింటి వంటగదివరకు తెచ్చి, దేవాలయము కూలిన పిమ్మట యూదమతమును నిలిపిన భక్తబృందమునకు ఆ పేరు చెందునని మన ఉపదేశకులు ఒక్కమారు తలచినచో మేలు.

ఇక 1973 నాటి గ్రంథము. క్రైస్తవుల విశ్వాసమును ఖండించుటగాని, యూదుల గర్వమును పోషించుటగాని తన పని కాదని, చరిత్రకారుడుగా సువార్తలను చదువుటయే తన పని యని వెర్మెష్ ఆరంభముననే హద్దు గీచుకొనెను. సువార్తలలోని యేసు రోగులను బాగుచేయును, దయ్యములను వెళ్ళగొట్టును, పొలముగట్ల కథలు చెప్పును. ఇటువంటి మనుష్యుడు ఆనాటి గలిలయలో ఒంటరియా? కాడని వెర్మెష్ చూపెను. యూదసంప్రదాయమున హోనీ యను భక్తుడు వాన కురియువరకు కదలనని నేలపై వృత్తము గీచి అందు నిలిచి, తండ్రితో మారాముచేయు బిడ్డవలె దేవునితో మారాముచేసెను. మొదటి శతాబ్దమున, నజరేతునకు ఉత్తరముగ కొలది క్రోసుల దూరముననున్న అరావ్ పల్లెలో హనీనా బెన్ దోసా యను మరియొక భక్తుడుండెను. ధర్మశాస్త్రోపదేశకుడైన గమలీయేలు కుమారునికి జ్వరము వచ్చి ప్రాణముమీదికి రాగా, ఆయన ఇద్దరు శిష్యులను హనీనా యింటికి పంపెను. హనీనా మేడగదికి ఎక్కి ప్రార్థించి, దిగివచ్చి, జ్వరము విడిచినది, మీరు పోవచ్చునని చెప్పెను. నీవు ప్రవక్తవా యని వారడుగగా, కాదనియు, ప్రార్థన తన నోట తడబడక సాగినచో అది అంగీకరింపబడినదని తనకు తెలియుననియు నుడివెను. శిష్యులు ఆ గడియను వ్రాసికొని తిరిగివచ్చి చూడగా, సరిగా ఆ గడియలోనే పిల్లవానికి జ్వరము దిగి, త్రాగుటకు నీళ్ళడిగినాడు. కపెర్నహూములోని రాజోద్యోగి కుమారుని కథను యోహాను సువార్తలో చదివినవారు, అచ్చటను యేసు దూరమునుండియే బాగుచేయుటను, తండ్రి సేవకులను గడియ అడిగి సరిపోల్చుకొనుటను ఇట్టే గుర్తుపట్టుదురు.

ఈ పోలికవలన యేసు చిన్నవాడగుట లేదు. ఒంటిచెట్టుగ కనబడినదాని చుట్టును తోపు కనబడుచున్నది. చెట్టు ఎత్తు తెలియవలెనన్నను తోపులోనే తెలియవలెను. యేసు దేవుని యెదుట నిలిచిన చనువును, పాపులతో పంక్తిని కూర్చుండి భుజించిన ధైర్యమును, ఉపమానములు చెప్పిన నేర్పును తూచి, తన జాతి మహాబోధకులలో ఎవ్వరికిని తీసిపోనివాడని వెర్మెష్ నిర్ణయించెను.

ఆయన పాండిత్యపు సూక్ష్మత తెలియవలెనన్న మనుష్యకుమారుడు అను పదమును తీసికొనవలెను. సువార్తలలో యేసు తన్ను గూర్చి మాటిమాటికి ఈ పదము వాడుట తెలుగు బైబిలు చదువరులందరును ఎఱుగుదురు. దానియేలు గ్రంథపు 7వ అధ్యాయమున మేఘములతో వచ్చు మానవాకారముతో ముడిపెట్టి, ఇది మహిమగల బిరుదమని వేదాంతులు చెప్పుచుండిరి. వెర్మెష్ గ్రీకును ప్రక్కనుంచి అరామిక్‌ను అడిగెను. బర్ నాషా యనగా మాటకు మాటగా నరుని కొడుకు. వాడుకలో మనిషి, ఒకడు అని యర్థము. అంతేకాక, వినయముచేతనో భయముచేతనో నేను అనుటకు నోరాడనప్పుడు గలిలయవారు ఈ పదము చాటున తమ్ము దాచుకొనెడివారని ఆయన ఉదాహరణములతో వాదించెను. మన పల్లెలో ఒకడు అవమానము పొంది, మనిషన్నవాడు దీనికి ఓర్చునా యనినచో, ఆ మనిషి ఎవడో వినువారందరకును తెలియును, అటువంటిదే ఇది. 1965లో ఆక్స్‌ఫర్డున ఉపన్యాసముగ వచ్చి, 1967లో మాథ్యూ బ్లాక్ గ్రంథమునకు అనుబంధముగ అచ్చైన ఈ వాదము పండితలోకమున తేనెతుట్టెను కదిపినట్లయ్యెను.

ఎదురుతాకిడి బలముగనే వచ్చెను. అమెరికా జెస్యూటు పండితుడు జోసెఫ్ ఫిట్జ్‌మయర్, వెర్మెష్ చూపిన అరామిక్ ఉదాహరణములు యేసు కాలమునకు చాల తరువాతివనియు, ఆ పదము ఆ సంక్షిప్తరూపమున మొదటి శతాబ్దమున నుండెనను నిదర్శనము లేదనియు అడ్డుపడెను. హనీనా కథలును అటులనే. వానికి ఆకరములైన యూదగ్రంథములలో మిష్నా సుమారు క్రీస్తుశకము 200లోను, బాబిలోను తాల్మూదు అంతకు శతాబ్దముల తరువాతను కూర్పబడినవి. తరువాత వ్రాసినదానిచే ముందు జరిగినదానిని నిర్ణయించుట యెట్లు? ఇది గట్టి ప్రశ్న. యూదుల వాఙ్మయము పల్లెల నోళ్ళలో నిలిచి ఆలస్యముగ గ్రంథస్థమైనదని, ఆలస్యముగ వ్రాయబడినంతమాత్రమున ఆలస్యముగ పుట్టినది కాదని వెర్మెష్ సమాధానము. హనీనా విషయమున ఆయన వాదము ఆధారమునకు మించిన బరువు మోయుచున్నదని నా అభిప్రాయము. మనుష్యకుమారుని విషయమున మాత్రము, ప్రశ్నను గ్రీకు పీఠమునుండి దింపి అరామిక్ వాకిట నిలిపిన ఘనత ఆయనది, జవాబును ఎవరెటు త్రిప్పినను. అటుపిమ్మట ఇ.పి. శాండర్స్ వంటి ప్రొటెస్టెంటు పండితులు గూడ యేసును, పౌలును యూదమతముతో పోరాడించి గెలిపించుట మాని, యూదమతములో నిలిపి చదువసాగిరి. యేసు యూదుడను మాటలో నేడు వింత యేమున్నదని పాఠకుడు అడుగగలుగుటయే ఆ తరము సాధించినది.

కుమ్రాను విషయమున ఆయన మరియొక పోరాటము నడపవలసివచ్చెను. 1947 నుండి 1956 వరకు పదునొకండు గుహలలో ప్రతులు దొరికినవి. 1952లో కనుగొనిన నాలుగవ గుహయొక్కటియే వేలకొలది తునకల నిచ్చెను. వాని ప్రచురణభారము కొద్దిమంది పండితుల చేత నుంచబడెను. వారు ఇతరులను చూడనీయక, తామును ప్రకటింపక, ఏండ్లకేండ్లు గడపిరి. కొందరు తమ వంతును శిష్యులకు ఆస్తివలె పంచి యిచ్చిరి. 1977లో వెర్మెష్, ఇది ఇట్లే సాగినచో ఇరువదవ శతాబ్దపు విద్యాలోకమున ఇంతకు మించిన అపచారము వేరొకటి ఉండబోదని బహిరంగముగ హెచ్చరించెను. ఆయనకు అందు స్వలాభమేమియు లేదు. దొరికిన ప్రతిని చదువదలచినవాడెల్ల చదువవలెనను ధర్మమొక్కటియే. పదునాలుగేండ్ల తరువాత, 1991 సెప్టెంబరులో, కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయము తనయొద్దనున్న ఛాయాచిత్రములను పండితులందరకును తెరచుచున్నామని ప్రకటించెను. నెల దాటగనే ఇజ్రాయేలు పురావస్తుశాఖ నిర్బంధముల నెత్తివేసెను. ఆక్స్‌ఫర్డు కొలువునుండి విరమించిన యేడే ఆయనకు తాళములు తెరచుకొనెను. అప్పుడు విశ్రమింపక, ఫిలిప్ అలెగ్జాండరుతో కలిసి నాలుగవ గుహలోని సంఘనియమావళి తునకలను పరిష్కరించి, 1998లో అధికారిక ప్రచురణమాలలో 26వ సంపుటముగ వెలువరించెను. ఇతరులను తొందరపెట్టినవాడు తన వంతును ఆలస్యము చేయలేదు.

నడివయస్సున ఆయన యూదత్వమునకు మరలివచ్చి, లండను నగరపు ఉదార యూద ప్రార్థనామందిరమున సభ్యుడయ్యెను. 1993లో పమేలా మరణించెను. 1996లో ఆయన మార్గరెట్‌ను వివాహమాడెను. 2012లో, యెనుబది యెనిమిదేండ్ల వయస్సున, నజరేతునుండి క్రీస్తుశకము 325 నాటి నైకేయ మహాసభవరకు క్రైస్తవము నడచిన త్రోవను వర్ణించు గ్రంథమును వెలువరించెను. గలిలయ భక్తుడు గ్రీకు తత్త్వపదముల మెట్లెక్కి సృష్టికర్తతో సమానసత్త్వుడైన కథ యది. 2013 మే 8వ తేదీన ఆయన దివంగతుడయ్యెను.

ఆయన పుస్తకములలో నాకు మిక్కిలి ప్రియమైన చోటొకటి కలదు. గలిలయవారు కంఠ్యాక్షరములను పలుకలేక మ్రింగివేయుదురని యెరూషలేమువారు ఎగతాళిచేసెడివారట. ఒక గలిలయవాడు బజారున అమర్ కావలెనని అడుగగా, అంగడివారు నవ్వి, ఎక్కుటకు గాడిదయా, త్రాగుటకు ద్రాక్షారసమా, కట్టుటకు ఉన్నియా, కోయుటకు గొఱ్ఱెపిల్లయా యని తిరిగి యడిగిరని తాల్మూదున నొక కథ. ఆ నాలుగు మాటలును వాని నోట ఒక్కతీరుననే వినబడినవి. ప్రధానయాజకుని ముంగిట చలిమంట కాచుకొనుచున్న పేతురును పట్టియిచ్చినది ఈ యాసయే. ఎలియాజరు అను హెబ్రీ నామము ఈ యాసలోనే మొదటి అచ్చును జారవిడిచి లాజరు అయ్యెను. గుంటూరు మండలమునగాని, నల్లగొండ మండలమునగాని ఏ పల్లెలోనైన ప్రొద్దుగూకువేళ తల్లి వాకిట నిలిచి, ఆటలాడుచున్న కొడుకును లాజరూ యని కేకవేయును. గలిలయ పల్లెలలో బిడ్డలను పిలిచిన యాస అది.